మనవరాలికి నేర్పాల్సిన మాట

నాచారంలో మేముండే ఇల్లు రెండు గదులది. వంటింటి పక్కనే బాత్రూము. దాని గడప మీద కూర్చుని కాళ్ళు చాపి, రెండు పాదాల మీద మనవరాలిని కూర్చోబెట్టుకునేదాన్ని. పిల్ల వీపు నా కాళ్ళకు ఆనుకుని ఉండేది. "ష్... ష్..." అంటూ ఉంటే దాని పని అది కానిచ్చేది. మా అమ్మ నన్ను అట్లాగే పెంచింది, నా కొడుకును నేను అట్లాగే పెంచాను. మనవరాలు మెడ నిలబెట్టిన నాటి నుంచి మూడో ఏడు సగానికి వచ్చే దాకా నా పాదాలే దాని పీట.

పిల్ల బరువెక్కింది. నా మోకాళ్ళు పాడయ్యాయి. గడప మీద నుంచి లేవాలంటే ఒక చేత్తో నీళ్ళ నల్లా, ఇంకో చేత్తో తలుపు పట్టుకోవాల్సి వచ్చేది. ఒకరోజు లేవలేక అక్కడే ఉండిపోతే పక్కింటామె వచ్చి లేపింది. నేల మీద కూర్చోవడం మానెయ్యమని డాక్టరు చెప్పాడు. కోడలు ఉప్పల్‌లో బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. నా కోసం, పిల్ల కోసం సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. నెలాఖరు వరకే ఆగుతానని, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటానని సేటు చెప్పాడు. అందుకే పిల్లను వెనక గల్లీలోని ప్లేస్కూల్లో వేద్దామనుకున్నాం. అక్కడి పెద్ద మేడమ్ ఒకటే షరతు పెట్టింది. డైపర్ వేసి పంపకూడదు, వచ్చినప్పుడు పిల్లే నోటితో చెప్పాలి.

నేర్పడమే కదా అనుకున్నాం. ఏ మాట నేర్పాలన్న దగ్గరే ఆగిపోయాం.

నేను జనగామ వైపు దాన్ని. మా ఊళ్ళో ఒకటి ఉచ్చ, రెండోది దొడ్డికి. మా అమ్మ ఎంతో ముద్దుగా అనేది ఆ మాటలు. అన్నం, నీళ్ళు ఎట్లాంటివో అవీ అట్లాంటివే. కోడలిది గుంటూరు వైపు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను ఉచ్చ అంటే ముఖం పక్కకు తిప్పుకునేది. పిల్ల పుట్టాక ఇక ఊరుకోలేకపోయింది.

"అత్తయ్యా, దాని ముందు ఆ మాట అనకండి. పాస్ అనండి. మీరనే మాట మా వైపు తిట్టేటప్పుడే అంటారు."

"మా దిక్కు బుజ్జగించెటప్పుడు అంటం," అన్నాను నేను.

దొడ్డి అంటే ఆమెకు గొడ్లను కట్టే చోటు. మనిషి పిల్లకు ఆ మాటేమిటని ఆమె బాధ. తనేమో రెండోదాన్ని ఛీఛీ అనేది. వాళ్ళింట్లో పసిపిల్లలతో అట్లాగే అంటారట, అందులో అసహ్యం ఏమీ లేదట. నాకు మాత్రం ఛీ అంటే మొహం మీద ఉమ్మినట్టే. పిల్ల అప్పుడప్పుడు మంచం వెనక నక్కి చెడ్డీ పాడుచేసుకునేది. ఛీ అనీ అనీ సిగ్గు నేర్పారని నేననేదాన్ని. మా అందరినీ అట్లాగే పెంచారు, మేమెవరమూ మంచం వెనక దాక్కోలేదని ఆమె అనేది. నా కొడుకు డ్యూటీ నుంచి వచ్చి ఇద్దరి మాటా విని, ఏదో ఒకటి అనండని టీవీ పెట్టుకునేవాడు.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. మహిళా సంఘం వాళ్ళు సాయంత్రాలు కమ్యూనిటీ హాల్లో నేర్పేవారు. అంతకుముందు ఉప్పల్ బస్టాండుకు పోతే, ఆడవాళ్ళు ఏ పక్కకు పోతున్నారో చూసుకుని వాళ్ళ వెనక నడిచేదాన్ని. ఎవరినన్నా అడగాలంటే ఏ మాటతో అడగాలో తెలిసేది కాదు. మా మాటతో అడిగితే నవ్వుతారేమోనని బిగబట్టుకుని ఇల్లు చేరిన రోజులున్నాయి. చదవడం వచ్చాక అక్కడి బోర్డు మీద మరుగుదొడ్లు అని చూసి నాకు భలే ధైర్యం వచ్చింది. ఇంటికొచ్చి కోడలితో అన్నాను.

"సర్కారోల్లే దొడ్డి అని రాసుకున్నరు. నీకేందమ్మా కష్టం?"

"బోర్డు మీద ఉన్నది పిల్ల చెబుతుందా అత్తయ్యా?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఇద్దరిలో ఎవరమూ తగ్గలేదు. నేను ఉచ్చ అంటూనే ఉన్నాను, ఆమె పాస్ అంటూనే ఉంది.

ప్లేస్కూల్లో ఒక పూట కూర్చోబెట్టి చూస్తామన్నారు. నేను తీసుకుపోయి వరండాలో కుర్చీలో కూర్చున్నాను. కిటికీలోంచి గది కనిపిస్తోంది. టీచరమ్మ, చిన్న వయసు పిల్ల, చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని బొమ్మలు చూపిస్తోంది. మా పిల్ల కాసేపు ఆడుకుంది. తర్వాత లేచి టీచరమ్మ కాళ్ళ దగ్గరకు పోయింది. వంగి ఆమె రెండు పాదాలను దగ్గరకు జరిపింది. వెనక్కి తిరిగి వాటి మీద కూర్చోబోయింది.

నాకు అర్థమైంది. టీచరమ్మకు ఎట్లా అర్థమవుతుంది? ముద్దుకు వచ్చిందనుకుని నవ్వుతూ ఎత్తి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను కుర్చీ చేతులు పట్టుకుని లేచి తలుపు దగ్గరకు పోయేలోపు ఆమె చీర తడిసిపోయింది.

ఆమె నవ్వుతూనే పిల్లను దించి కుచ్చిళ్ళు పిండుకుంది. పెద్ద మేడమ్ మాత్రం పిల్లకు మాటలు రావా అని అడిగింది. ఎందుకు రావు? పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటుంది. కానీ ఈ ఒక్కదానికి మాట అవసరమే పడలేదు. వచ్చి నా పాదాలు జరిపేది, నేను గడప దగ్గరకు పోయేదాన్ని. ఏ మాట మంచిదని ఇన్నాళ్ళూ కొట్లాడుకున్నాం గాని, పిల్ల ఏ మాటా అనడం లేదన్నది మాకు తట్టలేదు. సోమవారం ఇంకోసారి తీసుకురమ్మని, అప్పుడూ చెప్పకపోతే దసరా తర్వాతే చూద్దామని మేడమ్ చెప్పింది. దసరా దాకా దుకాణం సేటు ఆగడు.

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాను. కోడలు పిల్ల గౌను ఉతుకుతూ విన్నది. ఉతకడం ఆపకుండానే అడిగింది.

"అక్కడ ఏమంటారు?"

"సూసూ అంటరట. రెండోదాన్ని పాటీ అంటరట."

గౌను పిండి దండెం మీద వేసింది. "సరే, మనమూ అవే అందాం. నేను పాస్ అనను, ఛీఛీ అనను. మీరు కూడా..."

"నువ్వే నేర్పు. నా నోట్లె తిరగదు."

"అది నా దగ్గరికి రాదు కదా అత్తయ్యా. మీ కాళ్ళ దగ్గరికే వస్తుంది. మీరే చెప్పాలి."

సోమవారం దాకా ఉన్న ఆ నాలుగు రోజులు కుర్చీ దిగకుండా గడిపాను. పిల్ల వచ్చేది. నా పాదాలు పట్టుకుని లాగేది. నేను కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, "సూసూ అను బిడ్డా, అంటే తోల్కపోత," అనేదాన్ని. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే, ఎవరింట్లోనో కూర్చుని వాళ్ళలాగా మాట్లాడుతున్నట్టు ఉండేది. పిల్ల ముందు నవ్వింది. ఆటనుకుంది. తర్వాత ఏడ్చింది, నా మోకాలి మీద కొట్టింది. చివరికి నిలుచున్నచోటే పోసేది. తుడిచేది కోడలు. నేను కాళ్ళు దించకుండా కూర్చునేదాన్ని. కాళ్ళు చాపడమే సులువనిపించేది చాలాసార్లు. చెడ్డీలు ఆరేయడానికి దండెం మీద చోటు ఉండేది కాదు. వాన ముసురు, ఆరేవి కావు. ఇల్లంతా ఫినాయిల్ వాసన.

ఆదివారం సాయంత్రం నేను కునుకుతుంటే పిల్ల వచ్చి నా చీర కుచ్చిళ్ళలో ముఖం పెట్టింది. ఏదో గొణిగింది. సరిగా వినబడలేదు. కోడలు మాత్రం వంటింట్లోంచి పరుగున వచ్చి ఎత్తుకుపోయింది. అన్నదో లేదో ఇద్దరికీ రూఢిగా తెలియదు. మళ్ళీ అడిగితే అనలేదు.

సోమవారం నేనే తీసుకుపోయాను. ఈసారి కిటికీ వైపు కుర్చీ వేసుకోలేదు. చూస్తూ కూర్చునే ఓపిక లేదు. లోపల పిల్లలు ఏదో పాడుతున్నారు, ఆపుతున్నారు, మళ్ళీ పాడుతున్నారు. చాలాసేపటికి టీచరమ్మ బయటికి వచ్చింది. పక్కన మా పిల్ల, తడి చేతులతో.

"చెప్పిందమ్మా, మస్తు గట్టిగ చెప్పింది. క్లాసంత నవ్విన్రు," అంది.

కోడలికి ఫోన్ చేసి చెప్పాను. ఏమని చెప్పిందని అడిగింది. సూసూ అన్నదట అని చెప్పాను. ఎల్లుండి నుంచి వస్తానని సేటుకు చెబుతానంది.

ఇంకా బడి వదలడానికి టైముంది. ఇంటికి నడిచి పోయి మళ్ళీ రావడం నా వల్ల కాదు, ఇక్కడే కూర్చుంటానన్నాను.

"వద్దులెండి అత్తయ్యా. మెల్లగా వచ్చి పడుకోండి. పిల్లను నేను తెస్తాను," అంది.

వెళ్ళి పడుకున్నాను. పిల్ల ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నా పాదాలు జరిపి లేపలేదు.