సంగటి కట్టె చప్పుడు

ఇప్పుడు నేను పళ్ళెం తెచ్చి ముందు పెడితే మా ఆయన వెంటనే చెయ్యి పెట్టడు. నా మొఖంలోకి చూసి, "ఫోటో అయిపాయనా మే?" అంటాడు. ఎగతాళికే అంటాడు. అని, తానే నవ్వుతాడు. నన్ను పొడవాలన్న ఉద్దేశం ఆ మాటలో లేదని నాకు తెలుసు. అందుకే అది ఇంకా లోపలికి దిగుతుంది.

మాది తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు చిన్న మిద్దె ఇల్లు. ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నేను చిత్తూరు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. తమ్ముళ్ళను చంకనేసుకుని చెనిక్కాయ చేలల్లో పెరిగానే తప్ప బడి గడప తొక్కలేదు. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. జ్ఞానం కోసమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. కామెంట్లు చదవడం కోసం నేర్చుకున్నాను.

మా అమ్మాయి మద్రాసులో ఉద్యోగం చేస్తుంది. ఒకసారి ఫోను చేసి, "మా, సంగటి కుక్కర్లో సులువుగా ఎట్లా చేసేది? చేసి చూపించు" అంది. బియ్యం మెత్తగా ఉడకబెట్టి, పైన రాగిపిండి కుప్పగా పోసి, మూత పెట్టి మగ్గనిచ్చి, కట్టెతో గెలికి చూపించాను. ఫోను పట్టుకున్నది మా ఆయన. సగం వీడియోలో ఆయన బొటనవేలే కనిపించింది. అమ్మాయి దాన్ని అట్లాగే నెట్లో పెట్టింది. ఎవరెవరో చూశారు. కామెంట్లు వచ్చాయి. అమ్మాయి ఫోనులో చదివి వినిపించేది కానీ, మంచివి మాత్రమే చదివేది. చెడ్డవి దాచిపెడుతోందని ఆమె గొంతులోనే తెలిసిపోయేది.

"నాకు నేను చదువుకోవాల" అన్నాను ఒకరోజు.

"రా, నేర్పిస్తా" అన్నాడు ఆయన. పలక కొనలేదు. బస్టాండుకు పిలుచుకుపోయాడు. సాయంత్రాలు బెంచీ మీద కూర్చుని వచ్చే పోయే బస్సుల బోర్డులు చూపించేవాడు. నేను మొట్టమొదట ఎవరి సాయమూ లేకుండా చదివిన మాట గూడూరు. మూడు అక్షరాలకూ కొమ్ములే కాబట్టి సులువుగా పట్టుబడింది. నేను చదివేసరికి ఆయన బెంచీ మీద నుంచి లేచి, "గూడూరు, గూడూరు, గూడూరు!" అని డ్యూటీలో ఉన్నట్టే కేక వేశాడు. ఎవరో ముసలాయన నిజమనుకుని సంచి ఎత్తుకుని పరుగెత్తుకొచ్చాడు.

అట్లా నేను కామెంట్లు చదివాను. "బియ్యం ఎక్కువైంది" అని ఒకరు రాస్తే, "మా ఆయనకు పళ్ళు లేవు" అని జవాబు రాశాను. ఆ జవాబుకు ఎంతమంది నవ్వారో.

ఆ తర్వాతే ఊర్లో ఉండే ఫుడ్ బ్లాగర్ల గుంపు నన్ను చేర్చుకుంది. నలుగురైదుగురు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, కాలేజీలో పాఠాలు చెప్పే ఒకావిడ, ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేసే ఒక పిల్ల, ఇంకా ఒకరిద్దరు. అందరికంటే పెద్దదాన్ని నేను. నెలకోసారి అందరం కలిసి ఎక్కడికైనా పోయి తినేవాళ్ళం. మొదటిసారి రేణిగుంట దాటాక లారీలు ఆగే ఒక హోటలుకు పోయాము. ఆకు వేసి, అన్నం పెట్టి, నాటుకోడి పులుసు పోశారు. నేను అలవాటు కొద్దీ చెయ్యి పెట్టేశాను.

"అమ్మా! చెయ్యి తియ్యి, చెయ్యి తియ్యి!" అని అందరూ ఒక్కసారిగా అరిచారు.

గాజు పెంకేమైనా ఉందేమో అనుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. అదేం కాదు. అందరూ ఫోటోలు తీసుకున్నాకే ఎవరైనా తినాలంట. అది వాళ్ళ కట్టుబాటు. పులుసు చల్లారే దాకా ఫోన్లు ఆకుల మీద తిరిగాయి. పక్క బల్ల దగ్గర లారీ డ్రైవరు, "ఏందబ్బా, కోడికి దిష్టి తీస్తాండారా?" అన్నాడు. మేమంతా నవ్వాము. నాకు ఆ గుంపులో ఉండడం చాలా బాగుంది. నా జీవితంలో వంట అనేది నేను చేసి పెట్టేదే. నేను కూర్చుంటే ఎవరో వడ్డించడం, నలుగురు ఆడవాళ్ళం ఉప్పూ కారం గురించి గట్టిగా వాదించుకోవడం నాకు కొత్త. ఇంటికి వచ్చి ఆయనకు అంతా చెప్పాను. "అట్లయితే మాకూ ఫోటో తీసినాకే కూడు పెడతావేమో" అన్నాడు. అప్పుడది ఉత్త తమాషా మాట.

వాళ్ళే నాకు ఫోను నిలబెట్టే స్టాండు ఇచ్చారు. అది వచ్చాక ఆయన బొటనవేలు వీడియోల్లో కనిపించడం మానేసింది. నేను వీడియో తీసేటప్పుడు ఆయన లోపలి గదిలో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. "అడ్డమొస్తానేమో" అనేవాడు. ఏం కాదులే, ఇటు రా అని నేను ఒక్కసారి కూడా అనలేదు.

ఆయనకు చక్కెర జబ్బు ఉంది. అన్నానికి కాస్త ముందు ఇంజెక్షను వేసుకోవాలి. వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు, చక్కెర పడిపోతుంది. దీనికి మా ఇంట్లో ఎవరూ గడియారం చూసేవాళ్ళు కాదు. సంగటి గెలకడం అయ్యాక కట్టెకు అంటిన పిండి రాలడానికి కుక్కరు అంచు మీద టక్ టక్ మని తడతాను. మా అమ్మ కుండ అంచు మీద తట్టేది, నేను కుక్కరు మీద తడతాను. ఆ చప్పుడు వినగానే ఆయన గదిలోంచి, "ఆ, ఏసుకుంటాండా" అనేవాడు. అన్నం వండిన రోజు కూడా కుక్కరును గరిటెతో తట్టేదాన్ని. సంగటి ముద్ద చేసి, పళ్ళెంలో పెట్టి, పులుసు పోసి నేను గదిలోకి పోయేసరికి సమయం సరిపోయేది. ఎన్నో ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య ఆ చప్పుడు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఈసారి మీ ఇంట్లోనే తిందామని గుంపు అడిగింది. నేను పొంగిపోయాను. కుక్కరు సంగటి, నాటుకోడి పులుసు, రోట్లో నూరిన చెనిక్కాయల పచ్చడి, ఊరిబిండి. పొద్దున్నే ఇల్లు కడిగాను. ఆయన కొత్త చొక్కా తొడుక్కుని, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, బాగుండారా అని పలకరించి, ఎప్పటిలాగే లోపలికి పోయాడు. ఈ రోజు తినేది ఆలస్యమవుతుంది, నేను వచ్చి చెప్పేదాకా ఇంజెక్షను వేసుకోవద్దు అని నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నా మనసంతా పొయ్యి చుట్టూ నిలబడిన ఫోన్ల మీద ఉంది.

సంగటి గెలికి దించాను. కంప్యూటర్ పని చేసే పిల్ల, "అమ్మా, కట్టెతో టక్ టక్ మని కొడతావు కదా, అది కావాల. అది లేకుంటే నీ సంగటి వీడియోనే కాదు" అంది. తట్టాను. అదే సమయానికి బయట మోటారు సైకిలు పోయింది. "ఇంకోసారి మా, గట్టిగా" అంది. నవ్వుతూ ఇంకోసారి తట్టాను. మా ఇంట్లో ఆ చప్పుడు దేనికో నాకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? అయినా ఆ నిమిషంలో అది నాకు వీడియో చప్పుడే.

వంటింట్లో వెలుతురు చాలలేదు. మిద్దె మీద అయితే బాగుంటుందన్నారు. గిన్నెలూ ఆకులూ పళ్ళాలూ అన్నీ పైకి చేరవేశాము. అరిటాకు మీద సంగటి ముద్ద, ముద్దలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి, ఎర్రగడ్డ ముక్కలు, రంగు బాగుంటుందని ఒక బెల్లం గడ్డ. ఒకరు ఆకును ఇటు తిప్పమంటే ఒకరు అటు తిప్పమన్నారు. నెయ్యి పీల్చుకుపోతే మళ్ళీ పోశాము.

మధ్యలో ఒకసారి కిందికి చూశాను. ఆయన మెట్ల మొదట్లో నిలబడి ఉన్నాడు. వంటింట్లో గిన్నెలు కనబడక వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు. ఉక్కకు కొత్త చొక్కా విప్పేసి, బనీనుతో ఉన్నాడు. నన్ను చూసి ఏదో అనబోయాడు. బనీనుతో పైకి వచ్చేస్తాడేమో అని నాకు ఒకటే కంగారు. ఉండు, ఉండు అని చెయ్యి ఊపాను. ఆయన తల ఆడించాడు. ఇంటికి వచ్చినవాళ్ళు తినకముందు తాను తినే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. అడగడానికి నోరు రాని మనిషి. నేను మళ్ళీ ఆకు వైపు తిరిగాను.

కొంచెం సేపటికి ఆ పిల్ల నీళ్ళ కోసం కిందికి పోయి, నవ్వుకుంటూ పైకొచ్చింది. "అమ్మా, అయ్య మెట్ల మీద కూర్చోని నన్ను టికెట్ అడగతాండాడు! రేణిగుంట వచ్చినాది, దిగు దిగు అంటాండాడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఆ మనిషి బస్సు దిగి ఎన్నాళ్ళయినా బస్సు ఆయన్ను దిగలేదు" అని కూడా అన్నాను. ఆ మాటకు ఇంకా నవ్వారు.

బ్యాంకులో పనిచేసే ఆవిడ మాత్రం నవ్వడం ఆపి, "అక్కా, అన్నకు షుగరుండాది కదా?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. కొత్తవాళ్ళ ముందు ఆయన తమాషాలు ఆడడు. ఆకు మీది బెల్లం గడ్డ తీసుకుని మెట్లు దిగాను, ఎట్లా దిగానో తెలియదు. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి, "చిల్లర లేదమ్మా" అన్నాడు. నన్ను అమ్మా అన్నాడు, బస్సులో ఎవరినో అన్నట్టు.

బెల్లం నీళ్ళలో నలిపి చెంచాతో నోట్లో పోశాను. మింగాడు. పోస్తూనే ఉన్నాను. వెనక ఎవరో ఆటో పిలుస్తున్నారు. కాస్త సేపటికి కళ్ళు నా మీద నిలిచాయి. "తిన్నారా వాళ్ళు?" అని అడిగాడు. తెలివి వచ్చాక మొదటి మాట అదే.

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. ఇంజెక్షను వేసుకుని ఎందుకు తినలేదని డాక్టరమ్మ అడిగితే, "నేనే మరిచిపోయినా మేడం" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్నాను. డాక్టరమ్మ మందుల చీటీ రాసిస్తే చెయ్యి చాచి తీసుకున్నాను.

గుంపువాళ్ళు ఎంతో బాధపడ్డారు. రెండు రోజులు ఎవరో ఒకరు క్యారియరు తెచ్చిచ్చారు. ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ళను నేను ఏమనగలను? వాళ్ళకు ఆ చప్పుడు సంగతి తెలియదు కదా.

వారం తర్వాత ఆ పిల్ల ఆ రోజు తీసిన వీడియో నాకు పంపింది, పెట్టేదా వద్దా అని అడుగుతూ. చూశాను. నా చేతులు, కుక్కరు, కట్టె. టక్ టక్. మోటారు సైకిలు మోత. మళ్ళీ టక్ టక్. నా నవ్వు. ఆ నవ్వు వెనక, సన్నగా, లోపలి గదిలోంచి ఆయన గొంతు: "ఆ, ఏసుకుంటాండా."

ఆయన జవాబు చెప్పాడు. ఎప్పటిలాగే చెప్పాడు. ఆ రోజు నాకు వినపడలేదు. ఫోనుకు వినపడింది.

పెట్టొద్దని రాశాను. తుడిచేయమని మాత్రం రాయలేకపోయాను. నా ఫోనులో అది ఇంకా ఉంది.

వీడియోలు మానేశానని రాస్తే బాగుండేది. మానలేదు. గుంపుతో పోవడం కూడా మానలేదు. మొన్న చిత్తూరులో దోసెల కోసం పోయాము. కడుపు నిండా తిన్నాను, నవ్వాను, ఇంటికి వచ్చాక మాత్రం గుమ్మం ముందే ఆగి, ఆయన గొంతు వినబడ్డాకే లోపలికి పోయాను. మానాలనిపించకపోవడం కూడా తప్పుగానే తోస్తుంది. "పో మే, నాకేమి, నేను గుండ్రాయి మాదిరి ఉండాను" అని పంపించేది ఆయనే.

మారింది ఇంట్లో ఒకటే. ఆ తర్వాత మొదటిసారి సంగటి చేసిన రోజు, కట్టెతో మామూలుగా తట్టాను. గదిలోంచి జవాబు రాలేదు. కట్టె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. చెప్పుల చప్పుడు వినబడింది. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూశాడు. పొయ్యి వైపు చూశాడు. స్టాండు ఉండే మూల వైపు చూశాడు. అది మడిచి ఉంది. తర్వాత పళ్ళెం వైపు చూసి, వెనక్కి పోయి ఇంజెక్షను వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నన్ను నమ్మడానికి ఆయనకు ఇప్పుడు కళ్ళు కూడా కావలసి వచ్చాయి.

అప్పటినుంచి నేను తట్టడం లేదు. కట్టెకు అంటిన పిండిని వేలితో తీసేస్తాను, కాలినా సరే. పళ్ళెం తీసుకుపోయి ఆయన ముందు పెట్టాకే ఆయన ఇంజెక్షను తీస్తాడు. ఆయన పక్కన కూర్చుంటాను. వేసుకుని కాసేపు ఆగేసరికి సంగటి మీద సన్నగా పొర కడుతుంది. వేడి సంగటి ఇష్టపడే మనిషి, ఆ పొరను వేలితో పక్కకు తీసి తింటాడు.

నిన్న కొత్త వీడియో కింద ఎవరో రాశారు: "అమ్మా, కట్టె తట్టే చప్పుడు ఏది?" కూడబలుక్కుని చదువుతుంటే ఆయన వెనక నిలబడి తానూ చదివాడు.

"తట్టు మే, అడగతాండారు కదా" అన్నాడు.

ఈ రోజు మధ్యాహ్నం సంగటి గెలికాను. స్టాండు పెట్టలేదు, ఎవరూ లేరు. కట్టె ఎత్తి అంచు దాకా తీసుకుపోయాను. గదిలో ఆయన ఉన్నాడు, చెవి ఇటే పెట్టి ఉంటాడని తెలుసు. తట్టలేకపోయాను. పిండి వేలితో తీసి, పళ్ళెం పట్టుకుని లోపలికి పోయాను.