సువర్ణ పేరు పలక

బోధన్‌లో బోర్డులు రాసే హనోకు చేతిరాత అంటే అందరికీ గురి. కిరాణా కొట్ల బోర్డులు, చెరుకు లారీల వెనక అక్షరాలు, చర్చి గోడమీది వాక్యాలు ముప్పై ఏళ్లు ఆయనే రాశాడు. సమాధుల తోటలో సగం పేర్లు ఆయన రాసినవే. నిరుడు ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కుంచె పట్టుకుంటే వేళ్ల సందులోంచి జారిపోయేది.

నిజామాబాద్ దవాఖానలో డాక్టరు వేళ్లు కదలడానికి మట్టి పిసకమన్నాడు. ఆ రోజే భార్య సువర్ణ బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద ఒక బొమ్మల పుస్తకం కొన్నది. మట్టితో గిన్నెలు, పలకలు చేయడం మొదటినుంచి నేర్పే పుస్తకం. ఇంగ్లీషుది. ఇద్దరికీ చదవరాదు.

"చదువెందుకయ్యా, బొమ్మలు సూస్కుంట చేద్దాం," అన్నది సువర్ణ.

చెరువుమట్టి తెచ్చి వాకిట్లో గోనెసంచి పరిచారు. ముద్ద మధ్యలో బొటనవేలితో గుంట పెట్టాలి. ఆయన వేలు దిగలేదు. ఆమె తన చెయ్యి ఆయన చేతిమీద వేసి నొక్కింది. గిన్నె ఒక పక్క మందం, ఒక పక్క పలచన.

"గిది గిన్నెనా, గాడిద చెవ్వా?" అని ఆమె పడీపడీ నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది, జబ్బుపడిన తర్వాత మొదటిసారి.

వానాకాలంలో సువర్ణకు జ్వరం పట్టుకుంది. మూడు రోజులు గోలీలతో నెట్టుకొచ్చింది. నాలుగో నాడు దవాఖానలో చేర్చారు. ఆరో నాడు పోయింది. సమాధుల తోటలో ఆమెను మట్టిచేసిన నాడు హనోకు ఏడవలేదు.

సమాధి కడుతూ మేస్త్రీ రామ్‌దాస్ అడిగాడు. "పేరు ఎవలతోనన్న రాయిద్దామా అన్నా?"

"వద్దు. నేనే మట్టిపలక చేస్త."

రెండు జానల పలకకు చోటు విడిచి సిమెంటు పూయమని కొలిచి చూపించాడు.

పుస్తకంలోని బొమ్మ చూసి, రొట్టెలకర్రతో మట్టిని అదే కొలతకు పరిచి, ఎడమచేత్తో మేకు పట్టి పేరు గీశాడు. మొదటి పలక ఎండకు బీటలు వారింది. రెండోది పిడకల మంటలో పెట్టగానే పగిలింది. ఆ పెంకులు పట్టుకొని ఊరిచివర కుండలు చేసే సాయవ్వ దగ్గరికి పోయాడు.

"ఎన్ని రోజులు ఆరబెట్టినవ్?" అన్నది ఆ ముసలమ్మ.

"రెండు."

"పదన్న కావాలె బిడ్డా, అది గుడ నీడకు. లోపల తడి ఉంటె పగలదా?" పెంకుమీది అక్షరాలు తడిమింది. "ఎవలి పేరు?"

"నా ఇంటామెది."

సాయవ్వ తాను జల్లెడ పట్టిన మట్టి గంపెడు ఇచ్చింది. "ఆరినంక తే. నా కుండల నడుమ పెట్టి కాలుస్త."

మూడో పలక ఎర్రగా, నిండుగా కాలింది. అక్షరాలు అప్పుడే ఓనమాలు దిద్దే పిల్లలవిలా వంకరపోయాయి, కాని పేరు చదవవచ్చు. రామ్‌దాస్‌తో కలిసి సమాధి దగ్గరికి తీసుకుపోయి పెడితే చుట్టూ వేలెడు సందు మిగిలింది. ఆరుతూ, కాలుతూ మట్టి కుంచించుకుపోయింది. పుస్తకంలో పక్కపక్కనే పెద్ద పలక, చిన్న పలక ఉన్న బొమ్మ ఆయనకు గుర్తొచ్చింది. అవి రెండు వేరువేరు పలకలనుకున్నాడు. ఒకటే పలక, కాల్చకముందు, కాల్చినంక.

హనోకు తడిగడ్డిమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆ బొమ్మ ఒక్కణ్ణే సూసిన రామ్‌దాసూ, సమజ్ కాలే," అన్నాడు చివరికి. "ఆమెకైతే సమజయ్యేది."

రామ్‌దాస్ ఆ సందులో నింపే సిమెంటుకు నీళ్లు తెచ్చేందుకు పోయాడు.