పటంలోని సమాధులు

పూతలపట్టు బస్టాండులో తెల్లదొరల కాలపు సర్వే పటం విప్పి, ఒక ఊరి కూలిపేట శ్మశానం గుర్తులను పరిశీలిస్తున్నాను. ప్రక్కన కూర్చున్న రైతుది ఆ ఊరేనట. ఆ సమాధులు నేటికీ ఉన్నవా అని అడిగాను.

"అవా సామీ! మా నాయనే దున్నించేసినాడు. ఇప్పుడు ఆడ మా సెరుకు ఉండాది."

"మరి ఆ కూలివారు శవాలనెక్కడ పూడ్చుకుంటున్నారు?"

"ఏటి ఇసకలో! వరదొస్తే ఏరే ఎత్తుకుపోతాది గదా!" అని పగలబడి నవ్వి, సంచిలోని బెల్లం విరిచి నా చేతిలో పెట్టాడు. "ఆ నేలదే. తిని సూడండి, తేనె!"

ఆ ముక్కను అతడి ఒడిలోనే పడవేసి లేచాను. అతడు దానిని దులిపి, తానే చప్పరించాడు.

పటంలో ఆ గుర్తుల ప్రక్కన 'దున్నివేశారు' అని సిరాతో వ్రాసుకున్నాను. ఈనాటికీ బెల్లం కొనేముందు అది ఏ ఊరిదని అడుగుతాను. అంగడివాడు విసుక్కుంటాడు.