చక్కెర తలుపు

చూపు మందగించిన ఆ పెద్దావిడ తెల్లవారగానే దేవుడికి దండం పెట్టుకుని, వంటింటి అలమర తలుపులు తడుముకుంటూ ఇంటిల్లిపాదికీ టీ పెట్టేది. పెచ్చులూడిన తలుపు వెనక చక్కెర, నున్నటిదాని వెనక ఉప్పు ఉండేవి.

కోడలు ముచ్చటపడి తలుపులకు రంగు వేయిస్తుంటే, పెయింటరు ముందుగా అన్నిటినీ గీకి అద్దంలా నునుపు చేశాడు. మర్నాడు టీలో ఉప్పు పడింది. అయినా అందరూ చుక్క మిగల్చకుండా తాగేశారు. కొడుకు, "సముద్రం మనింటికే వచ్చిందే అమ్మా," అని నవ్వాడు.

"రేపట్నుంచి నేను పెడతాలెండి అత్తయ్యా," అంది కోడలు ప్రేమగానే. పెద్దావిడ ప్రాణం ఉసూరుమంది. మెల్లగా పెయింటరు దగ్గరకు వెళ్లింది.

"బొట్టు కూడా జారకుండా వేస్తున్నా చూడండమ్మా," అన్నాడతను.

"చల్లగా ఉండు నాయనా. ఈ చక్కెర తలుపు మీద మాత్రం ఒక్క బొట్టు జారనియ్యి. ఎండాక నా చేతికి తగిలితే చాలు, టీ నేనే పెట్టుకుంటా."