పది గజాల ముడి

మా డ్రిల్లు మాస్టారు పోయిన కబురు నాకు ఆఫీసులో తెలిసింది. ఎన్నికల ముందు రోజులు. ఓటర్ల జాబితాలో చనిపోయినవాళ్ళ పేర్లు కొట్టేసే పని మీద ఉన్నాను. మా స్కూలు పాత అటెండరు గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టారు వెళ్ళిపోయారండి. పొద్దున్నే పేపరు చదువుతా చదువుతా అలా పక్కకి వాలిపోయారంట" అన్నాడు. నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది. ఆయన పేరున్న పేజీ అప్పటికి ఇంకా రాలేదు.

"ఏ వార్త దగ్గర?" అని అడిగాను. అదేం ప్రశ్నో, ఎందుకడిగానో నాకే తెలీదు.

"ఎవరో పార్టీ మారారంటండి. అది చదివి ఇంట్లో పిన్నిగారికి చెప్పబోయారంట."

గోదావరి ఒడ్డుకి తీసుకెళ్ళేటప్పుడు లెక్కపెట్టాను. ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్నవాళ్ళం తొమ్మిది మందిమి వచ్చాం. సర్వీసు మొత్తం మీద మాస్టారికి పదకొండు మంది ఒక్కసారి కూడా సరిగ్గా కుదరలేదు. పిల్లలందరినీ క్రికెట్టు పట్టుకుపోయేది. తక్కువపడ్డ రోజున ఈ అటెండరునే లుంగీ ఎగ్గట్టించి గోల్లో నిలబెట్టేవారు. ఆ రోజు పాడె ముందు కూడా జట్టుకి ఇద్దరు తక్కువే. ఆయన ఉంటే విసుక్కుని, "ఉన్నవాళ్ళతోనే మొదలెట్టండ్రా" అనేవారు. అలాగే మొదలెట్టాం.

మా ఊరు కొవ్వూరుకి దిగువన, గోదావరి గట్టు పక్కన ఉంటుంది. మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కాన్వాసు బూట్లకి సుద్దముక్క అరగదీసి తెల్లగా పూసుకునేవారు. మెళ్ళో నల్లతాడుకి విజిలు ఉండేది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా అది తియ్యరు. భోజనాల దగ్గర ఎవరైనా బంతిలో ముందుకి తోసుకొస్తే చెయ్యి విజిలు మీదికి పోయేది. పిన్నిగారు, అంటే మాస్టారి భార్య, పక్కనుంచి మోచేత్తో పొడిచేవారు. "ఈయనకి నేను మూడో పెళ్ళాన్నండి. మొదటిది బంతి, రెండోది పేపరు" అని ఆవిడ అందరితోనూ అనేవారు. పిల్లల్లేరు వాళ్ళకి. ఆ మాట ఆవిడ నవ్వుతూనే అనేవారు గానీ, నేను పెద్దయ్యాక ఆ నవ్వు వినలేకపోయేవాణ్ణి.

ప్రతి శనివారం సాయంత్రం ఆయన గ్రౌండుకి గీతలు గీసేవారు. అడుగున చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో సున్నం, ఒక ఇనప మేకు, ఒక కొబ్బరితాడు. తాడుకి పది గజాల దగ్గర, మిగిలిన తాడంతా చుట్టి బిగించిన ఒక ముడి. మధ్యలో మేకు పాతి, తాడు బిగలాగి, ముడి దగ్గర డబ్బా పట్టుకుని వంగి వంగి తిరిగేవారు. తిరిగి వచ్చేసరికి గీత మొదలైన చోటే సరిగ్గా కలిసేది. "గీత లేకపోతే అది ఆట కాదురా, గేదెల పరుగు" అనేవారు. సోమవారానికల్లా ఆ గీతల్ని నిజం గేదెలే తొక్కి చెరిపేసేవి. మళ్ళీ శనివారానికి ఆయన సిద్ధం. ఎవరు చూస్తారని ఇంత శ్రద్ధ అని అడిగితే, "పైనుంచి ఎవరైనా చూస్తే గుండ్రంగా కనపడాలి కదా" అనేవారు. మేం దేవుడనుకునేవాళ్ళం.

రాజకీయాలంటే ఆయనకి ప్రాణం. ఏ పార్టీ మీదా నమ్మకం లేదు, ఏ వార్తా వదలరు. కాఫీ హోటల్లో పేపరు ఆయన చేతికి వచ్చాక పేజీలు విడదీసి పంచుకోవడానికి ఎవరూ సాహసించేవారు కాదు. రాష్ట్రంలో జరిగేదంతా ఆయనకి ఒక్క ఆటగానే కనపడేది. "హాఫ్‌టైములో చొక్కాలు మార్చేసుకుంటున్నారండి. ఏ గోలుకి కొట్టాలో వాళ్ళకే గుర్తుండట్లేదు" అనేవారు. మంత్రివర్గం పెంచిన రోజున, "పదకొండు మంది ఆడాల్సిన చోట నలభై మందిని దింపితే బంతెక్కడ కనపడుద్దండి?" అన్నారు. ఎవరో కుర్చీలోంచి, "ఏదైతేనేం మాస్టారూ, మనం గట్టు మీద కూచుని చూసేవాళ్ళమే కదా" అన్నారు. మాస్టారు పేపరు మడిచి బల్ల మీద పెట్టారు. "చూసేవాళ్ళమైతే అదృష్టమేనండి. మనం బంతి" అన్నారు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కొరియా, జపానుల్లో ప్రపంచ కప్పు జరిగిన ఏడాది మ్యాచులు మనకి పట్టపగలు వచ్చేవి. మాస్టారి ఆనందానికి అడ్డులేదు, కరెంటు కోత తప్ప. మా ఊళ్ళో మూడున్నరకి తీసేవారు, కొవ్వూరులో అదే టైముకి వచ్చేది. అందుకని మొదటి సగం మా ఊళ్ళో రేడియో షాపు టీవీ ముందు నిలబడి చూసి, విజిలు ఊదగానే సైకిలెక్కి కొవ్వూరు వెళ్ళి, అక్కడ సోడాకొట్టులో రెండో సగం చూసేవారు. ఆ విరామం పావుగంట. కొవ్వూరు అరగంట. ఆ కప్పులో రెండో సగం మొదట్లో పడ్డ గోలు ఒక్కటీ ఆయన చూడలేదు. "ఫరవాలేదు, రేపు పేపర్లో చదువుకుందాం" అంటూ చెమటోడుస్తూ వెనక్కి వచ్చేవారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇన్ని కబుర్లూ చెప్తున్నది ఇది చెప్పడానికి భయపడే.

ఆ కప్పుకి ఏడాది రెండేళ్ళ ముందు మాట. నేను ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తాగా చేరి ఎంతో కాలం కాలేదు. కాలవ మీద వంతెనకి శంకుస్థాపన చెయ్యడానికి ముఖ్యమంత్రి గారు వస్తున్నారన్నారు. హెలికాప్టరు దిగడానికి చోటు కావాలి. స్కూలు వెనకున్న మా గ్రౌండు చూశారు. "మీ మాస్టారు గుండ్రాలు బాగా గీస్తారటగా, వెళ్ళి చెప్పవయ్యా" అన్నారు మా ఆఫీసరు గారు. నేను వెళ్ళి చెప్పాను. రెండు రోజులేనండి అన్నాను. తర్వాత నేల చదును చేయిస్తారు, సరుగుడు బాదుల బదులు ఇనప గోలుపోస్టులు వేయిస్తారు అని కూడా అన్నాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ఆయన మొహం చూసి నేనే కలిపాను.

మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదని పిన్నిగారు తర్వాత చెప్పారు. తన గ్రౌండొకటి ఉందని ప్రభుత్వానికి తెలియడం ఆయన జన్మలో అదే మొదటిసారి. గోలుపోస్టులు ఆయనే స్వయంగా పెరికి స్కూలు వరండాలో పేర్చారు. మేకు పాతి, తాడు లాగి, గుండ్రం గీసి, మధ్యలో హెచ్ అక్షరం వేశారు. ఇంజనీరు గారు కొలిచి, ఇంకాస్త పెద్దది కావాలన్నారు. "ఇది పది గజాలండి. ప్రపంచమంతా ఇదే కొలత. మీ హెలికాప్టరే సర్దుకోవాలి" అన్నారు మాస్టారు. ఇంజనీరు గారు నవ్వి ఊరుకున్నారు.

హెలికాప్టరు దిగింది. ఊరంతా దుమ్ము. జనం తాళ్ళు తెంచుకుని మీదికి ఉరికారు. పోలీసులు లాఠీలు ఎత్తేలోపు విజిలు మోగింది, పొడుగ్గా. జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పోలీసులూ ఆగారు. ముఖ్యమంత్రి గారు కూడా మెట్టు మీద ఒక్క క్షణం ఆగినట్టు నాకు గుర్తు. సైడు గీత మీద మాస్టారు తెల్లబూట్లతో నిటారుగా నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత వారానికి పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆ స్థలం ప్రస్తుతం దేనికి వాడుతున్నారో నివేదిక పంపమన్నారు. ఇలాంటివాటికి మా ఆఫీసుల్లో ఒక అలవాటు వాక్యం ఉంటుంది. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. "సదరు స్థలము ప్రస్తుతము ఖాళీగా ఉన్నది." నేను వెళ్ళి చూసే రాశాను, అదీ చోద్యం. గోలుపోస్టులు లేవు. గీతల మీద దుమ్ము పేరుకుంది. నిజంగానే ఖాళీగా ఉంది. నేను లెఫ్ట్ బ్యాకుగా ఆరేళ్ళు పరిగెత్తిన నేల గురించి ఆ మాట రాసి, కింద తయారుచేసినవారు అన్న చోట పొట్టి సంతకం పెట్టి, టీకి వెళ్ళాను.

దాంతో అది శాశ్వత హెలిప్యాడ్ స్థలమైంది. కంకర పోశారు, రోలరు తొక్కించారు, చుట్టూ ముళ్ళకంచె వేసి బోర్డు పెట్టారు. ఏడాదికొకరో ఇద్దరో నాయకులు దిగేవారు. మిగతా రోజులన్నీ తాళం. కొత్తవాళ్ళు గీసిన గుండ్రం చూసి మాస్టారు కంచె ఇవతల నిలబడి, "అది సర్కిలు కాదురా, కోడిగుడ్డు" అనేవారు. వరండాలో గోలుపోస్టుల్ని చెదలు తినేశాయి.

అప్పట్నించి ఆయన ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని మా ఆఫీసుకి వచ్చేవారు. బయట కనపడితే "ఏరా లెఫ్ట్ బ్యాకూ" అనే మనిషి, ఆఫీసులో అందరి ముందూ "నమస్కారమండి గుమాస్తా గారూ" అని నిలబడేవారు. కూర్చోమంటే కూర్చునేవారు కాదు. నేను ముద్ర వేసి తీసుకునేవాణ్ణి. నివేదిక రాసింది నేనని ఆయనకి తెలీదన్నదే నా ధైర్యం. ప్రభుత్వం మారింది. "ఇప్పుడు అటు గోలు ఇటైంది, చూద్దామండి" అన్నారు. ఏమీ కాలేదు. రిటైరయ్యారు. సోమవారాలు మానలేదు.

సమాచార హక్కు చట్టం వచ్చాక పై ఆఫీసులో అడిగి ఏవో కాగితాలు తెచ్చుకున్నారు. వాటిని జతచేసి జిల్లా ఆఫీసుకి పెద్ద అర్జీ పెట్టారు. అది గ్రౌండేనని, ఖాళీ స్థలం కాదని, నివేదికే తప్పని. ఈసారి అవుతుందని హోటల్లో అందరికీ చెప్పారు. నాలుగు నెలలకి జవాబు మా ఆఫీసుకి వచ్చింది. జతపరచిన నివేదికలో తయారుచేసినవారి సంతకం లేనందున ఆధారముగా స్వీకరించలేము. దాన్ని ఆయన చేతికిచ్చే పని నాకే పడింది.

నాకు నిజంగానే కోపం వచ్చింది. "జిరాక్సులో కింద కోసుకుపోయినట్టుందండి మాస్టారూ. ఒక్కసారి చూసుకుని పంపాల్సింది కదా. పూర్తి కాపీ పెడితే సరిపోద్ది" అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నా దగ్గరున్నది అంతేనండి గుమాస్తా గారూ" అన్నారు. ఆ తర్వాత సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక పిన్నిగారు నన్ను లోపలికి పిలిచారు. ఒక అట్ట ఫైలు, చుట్టచుట్టిన ఆ కొబ్బరితాడు నా చేతుల్లో పెట్టారు. ఫైల్లో నా నివేదిక ఉంది, కింద నా పొట్టి సంతకంతో సహా. దాని వెనక దాని జిరాక్సు. కింద రెండంగుళాల మేర లేదు. స్కేలు పెట్టి గీసి, ఆ గీత మీద కత్తెరతో తిన్నగా కోశారు. గీత గీసే చెయ్యి ఎవరిదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

"నీ పేరు బయటికొస్తే ఉద్యోగానికి ఏవన్నా అవుద్దని భయపడ్డారు నాయనా" అన్నారు పిన్నిగారు. "అది లేకపోతే చెల్లదేమోనండీ అని నేనంటూనే ఉన్నాను. 'మనవాడి కాలు మీద కొట్టి గెలుస్తామా' అన్నారు."

నేను ఫైలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే గుమ్మం మీద కూర్చున్నాను. ఆవిడ మంచినీళ్ళు తెచ్చిచ్చారు. ఓదార్చాల్సింది నేను, ఓదార్చింది ఆవిడ.

మీరడగొచ్చు, పూర్తి కాపీ ఇప్పుడు నీ దగ్గరే ఉంది కదా, పంపవచ్చు కదా అని. మా నిబంధనలు మీకు తెలీవు. అర్జీదారు మరణించినందున ఫైలు మూసివేయడమైనది అని ఒక వాక్యం రాయాలి. రాయాల్సింది నేనే. ఇంకా రాయలేదు. నేను రాయకపోతే ఇంకొకరు రాస్తారు, అంతే తేడా. ఓటర్ల జాబితాలో ఆయన పేరు మాత్రం నేనే కొట్టేశాను.

మొన్న ప్రచారానికి ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నారని కంచె తాళం తీశారు. తాడు నా దగ్గరుందని ఎవరు చెప్పారో, గుండ్రం నన్నే గీయమన్నారు. అటెండరు సున్నం డబ్బా పట్టుకున్నాడు. మేకు పాతాం. కొత్త ఇంజనీరు కుర్రాడు టేపుతో కొలిచి, "ఇది చిన్నదండి, ఇంకా రెండు గజాలు పెంచాలి. ఆ ముడి విప్పేయండి" అన్నాడు.

కంకర మీద మోకాళ్ళ మీద కూర్చుని ముడి పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి సున్నం తాగి అది రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళతో లాగాను. పంటితో లాగాను. నోట్లో సున్నం చేదు. "కానివ్వండి, టైమవుతోంది" అంటున్నాడు ఇంజనీరు. అటెండరు డబ్బా కింద పెట్టి, "అది రాదండి, వదిలెయ్యండి" అన్నాడు. పైన ఎక్కడో చప్పుడు మొదలైంది. నేను ఇంకా ఆ ముడితోనే ఉన్నాను.