ఏం కూర అని అడిగే అరుగు

జర దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది, అది ఎర్రబడేలోపు మీకొక మనిషి సంగతి చెబుతాను. బియ్యప్పిండిలో నువ్వులూ పల్లీలూ కలిపి గిన్నె అడుగున అద్ది కాలుస్తాం చూడండి, ఆ కమ్మటి వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు సుగుణక్క నవ్వు వినిపిస్తుంది. ఇప్పుడు ఆమె లేరు. నవ్వు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో సుగుణక్కకు నెట్ సెంటర్ ఉండేది. ఆమెది తెనాలి. మాది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. అయిదో తరగతితో బడి మానేసినదాన్ని, పెళ్లయ్యాక మూసారాంబాగ్‌లో కిరాయికి ఉంటూ ఆమె దగ్గర ఊడ్చి తుడిచి చాయ్ పెట్టే పనికి కుదిరాను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో టైపు కొట్టడం నేర్పేవారు. "భయమెందుకే అండాలూ, తప్పు పడితే చెరిపేసుకోవచ్చు. కూరలో ఉప్పు ఎక్కువైతే తీయగలమా? దానికంటే ఇదే నయం" అనేవారు.

ఆమె ఇంటర్నెట్‌లో ఒక వంటల గుంపు నడిపేవారు. పేరు 'పొయ్యి చుట్టూ'. ఒక్కో వంటకు ఒక్కో పేజీ, ఒక్కో పేజీని చూసుకోవడానికి ఒక్కో పెద్దమ్మ. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ అంటే మా షట్టర్ సగం దిగేది. బయట డప్పులూ నినాదాలూ, లోపల గుంపులో పులుసులో బెల్లం వేయాలా వద్దా అని యుద్ధం.

అలాంటి రోజుల్లో గుంపు మీదికి మిడతల దండులాగా ప్రకటనలు వచ్చి పడ్డాయి. గోంగూర మాట్లాడుకుంటుంటే మధ్యలో జుట్టు పెరిగే నూనె, ఉలవచారు కింద విదేశాల లాటరీ. అన్నీ ఆ రోజే పేరు నమోదు చేసుకున్న కొత్తవాళ్ల పేర్లతోనే. దీన్ని స్పామ్ అంటారని అక్క చెప్పారు. పాతవాళ్లు విసిగి ఒక్కొక్కరే రావడం మానేశారు. అక్క కట్టిన ఇల్లు అక్క కళ్లముందే ఖాళీ అవుతోంది. అందుకని ఒక నియమం పెట్టారు. కొత్తవాళ్లు ఒకే మాట నాలుగైదు చోట్ల పెడితే, ఇక అడిగేది లేదు, వాళ్ల తలుపు దానంతటదే మూసుకుపోతుంది.

ఆ మర్నాడే, అక్కకు చెప్పకుండా సంబరపెడదామని, మూల కంప్యూటర్ మీద నేనూ గుంపులో చేరాను. "నా పేరు అండాలు. సర్వపిండి చేసిన. అందరు రాండ్రి" అని ఒక పేజీలో రాశాను. తర్వాత పక్క పేజీలో. ఆ తర్వాత దాని పక్కది. మా ఊళ్లో పేరంటానికి పిలవాలంటే కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ పోయి, అందరికీ బొట్టు పెట్టి, అందరికీ అదే మాట చెప్పాలి. ఒక్క ఇల్లు విడిచిపెడితే ఆ ఇల్లు ఏడాదంతా మూతి ముడుస్తుంది. సగం ఇళ్లు కూడా పూర్తి కాలేదు, తెర మీద ఎర్ర గీత పడి నన్ను బయటికి నెట్టేసింది.

కౌంటర్ దగ్గర నుంచి అక్క కేక వేశారు. "ఎవరే ఈ అండాలు? నూనె అమ్ముతున్నావా?"

"నూనె లేదు, ఏం లేదక్కా. పిలుస్తున్న."

"ఒకటే మాట ఇన్నిసార్లా?"

"ఒకరికి జెప్పి ఒకరికి జెప్పకుంటె ఏమనుకుంటరు? బొట్టు వెట్టినట్టు ఇంటింటికి పోవద్దా?"

అక్క నవ్వీ నవ్వీ కౌంటర్ మీద తల వాల్చేశారు. అంతలోనే లేచి, గంభీరంగా, నెట్టేసినవాళ్ల పేర్లన్నీ తీసి చదవడం మొదలుపెట్టారు. నూనెల మధ్యలో హయత్‌నగర్ పెద్దాయన ఒకరు దొరికారు. భార్య దవాఖాన నుంచి వచ్చింది, నోటికేదీ సహించడం లేదు, మెంతిచారు ఎట్ల పెట్టాలని పేజీ పేజీలో అడిగినందుకు ఆయన తలుపూ మూసుకుపోయింది. "చూడవే, ఆకలితో వచ్చినవాణ్ణి గెంటేశాను" అన్నారు. వెంటనే ఆయనకు చారు పెట్టే విధానం రాసి పంపారు.

అక్క ఆ నియమం తీసేస్తానంటే, పాతవాళ్లేమో కొత్తవాళ్లే వద్దన్నారు. వాళ్లలో అక్క వైపు ఊళ్ల ఆవిడ ఒకరు, "కనీసం ఏ ఊరో అడిగి, మనవాళ్లయితేనే రానివ్వండి" అని రాసింది. ఆ రోజుల్లో ఏ ఊరంటే ఏ పక్షమని అర్థం. ఒప్పుకోకపోతే ఉన్నవాళ్లూ పోతారు, ఒప్పుకుంటే తెలంగాణదాన్ని నేను పోతాను. అక్క చాయ్ పూర్తిగా తాగి, నావైపు తిరిగి, "ఊరడిగితే తగువొస్తుందే. కూర అడుగుదాం" అన్నారు.

అలా పుట్టింది 'అరుగు'. కొత్తవాళ్లెవరైనా ముందు ఆ ఒక్క పేజీలో కూర్చోవాలి. లింకులు పెట్టకూడదు. పాతవాళ్లలో ఒకరు "ఇయ్యాల ఏం కూర?" అని పలకరిస్తారు. జవాబు చెబితే చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోతారు. ఒకే మాట మళ్లీ మళ్లీ రాస్తే నెట్టేసేది లేదు, "ఏం గావాలె తల్లీ?" అని అడగడమే. ఆ అడిగే పని అక్క నాకు అప్పగించారు. కంప్యూటర్లు పంపే ప్రకటనలకు కూర సంగతి ఏం తెలుస్తుంది? నోరు మూసుకుని పోయాయి. ఒక్క నూనెవాడు మాత్రం "బెండకాయ, జిగురొచ్చింది" అని జవాబిచ్చాడు. వాడు మనిషే మరి. జిగురు పోయే ఉపాయం చెప్పాం. నూనె మానేసి మాతోనే ఉండిపోయాడు. వెళ్లిపోయిన పెద్దమ్మలూ ఒక్కొక్కరే తిరిగొచ్చారు. ఊరడగమన్నావిడ అందరికంటే ముందు అరుగెక్కి, "ఏం కూర?" అని నాతో పోటీ పడేది.

హయత్‌నగర్ పెద్దాయన ఒక రోజు భార్యను ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె షట్టర్ కింద వంగి లోపలికొచ్చి, "మెంతిచారు రాసిన తల్లి ఎవ్వరు?" అంది. అక్క నన్ను ముందుకు తోసి, "తలుపు తీయించింది ఇదిగో, ఇది" అన్నారు.

ఇప్పుడు మేం మన్సూరాబాద్‌లో ఉంటున్నాం. పక్క వాటాలోకి నిన్ననే ఎవరో కొత్తగా దిగారు. ఏ ఊరో, ఏం కులమో అని కాలనీలో అప్పుడే ఆరాలు మొదలయ్యాయి. నాకవేవీ అక్కర్లేదు. సర్వపిండి ఎర్రబడింది, పళ్లెంలో పెట్టుకుని పోయి ఒక్కటే మాట అడుగుతాను.

మీ పొయ్యి చల్లారకుండా ఉండాలి. మీ గడప ముందు నిలబడ్డవాళ్లను కూర సంగతి అడిగి లోపలికి పిలిచే నోరు మీ ఇంట తరతరాలా ఉండాలి. మీ ఇల్లు చల్లగుండ.