పుట్టకముందు కొన్న చొక్కాలు

మా ముత్తాత కోస్గి చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. తాత పోలీసు పటేలు. ఆయన నడిచి వస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా నాయిన నాటికి భూములన్నీ పోయి గడి ఒక్కటే మిగిలింది. నా వంతుకు ఆ గడిలో ముందరి దర్వాజ, మూడు గదులు వచ్చాయి. నేను ఒక ప్రైవేటు బడిలో పంతులును.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు ఎండాకాలానికి నా భార్యకు ఏడు నెలలు నిండాయి. అంతకుముందు ఇద్దరు కొడుకులు పుట్టి, ఒకడు మూడు రోజులు, ఇంకొకడు తొమ్మిది రోజులు మాత్రమే బతికారు. ఈ బిడ్డయినా దక్కాలి. మా ఇద్దరికీ వేరే ఆలోచన లేదు.

జీతం వచ్చిన రోజు కాగితం తీసుకుని కొనాల్సినవి రాశాను. నాలుగు చొక్కాలు, రెండు టోపీలు, దోమతెర, ఒంటికి రుద్దే నూనె. ఉయ్యాల రాసి, డబ్బు చాలదని కొట్టేశాను.

"పుట్టకముందే కొత్తయి ఏం తేకున్రి," అంది నా భార్య. "పిల్లలు నిలిచిన ఇంట్ల పాత బట్ట అడిగి తొడుగుదాం. సర్కారు దవాఖానల పెట్టె గూడ ఇస్తరట. సబ్బు, బట్టలు అన్నీ అండ్లనే ఉంటయట."

"మా ఇంట్ల ఎవ్వరు ఇంకొకరు ఇచ్చింది కట్టలే."

"అందుకే గిట్లున్నం," అంది.

ఆదివారం మహబూబ్‌నగర్ వెళ్లి అన్నీ తెచ్చాను. చొక్కాలు తెల్లటి పలుచని బట్టవి. ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసి మరీ కొన్నాను. కవరు విప్పకుండానే నడిమింట్లో సందూకు పెట్టెలో పెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాను.

నాలుగో రోజు ఒంటిపూట బడి ముగించుకుని వచ్చి అన్నం తింటున్నాను. బయట ఎండ మండుతోంది. ఊళ్లో కుక్క కూడా అరవడం లేదు.

"సాంబ్రాణి పొగ ఎవలేసిన్రు?" అని మంచం మీద నుంచి అడిగింది నా భార్య.

నాకూ వాసన వచ్చింది. పసిపిల్లలకు నీళ్లు పోశాక వేసే పొగ. అది నడిమింట్లో నుంచి వస్తోంది.

తాళం వేసినట్టే ఉంది. సందూకులో కవరు పిన్నుతో సహా అలాగే ఉంది. విప్పి చూశాను. రెండు చొక్కాలు తెల్లగా ఉన్నాయి. మిగతా రెంటికీ మెడ దగ్గర కాటుక అంటుకుని ఉంది. రొమ్ము మీద పాలు కక్కిన మరకలు ఎండి ఉన్నాయి.

నా భార్య కడుపు పట్టుకుని నా వెనక వచ్చి నిలబడింది. భయపడలేదు.

"వాళ్లకే తెచ్చిన్రనుకున్నరు, పాపం," అంది.

మా పద్ధతిలో కొత్త బట్ట ఇరవై ఒకటో రోజున తొడుగుతారు. ఆ ఇద్దరూ అంతదాకా ఉండలేదు.

సాయంత్రం ఆ రెండు చొక్కాలనూ వాళ్లను పూడ్చిన ఊరి బయటి చెల్క భూమిలో, వాళ్ల పక్కనే పాతిపెట్టాను. తెల్లవారి గొల్లవాళ్ల ఇంటికి బయలుదేరాను. ఆ ఇంటి ముసలామె ఆరుగురిని కని ఆరుగురినీ పెంచింది. ఒకప్పుడు వాళ్లు మా గడి మెట్ల కింద చెప్పులు విడిచేవారు. ఆ రోజు నేను వాళ్ల దడి బయట విడిచాను.

"ఏంది చిన్నదొరా, తొవ్వ తప్పినవా?" అని నవ్వింది.

"పాత బట్ట కావాలె."

"ఎవరికి? నీకా?"

"నా బిడ్డకు."

నవ్వు ఆపింది. "గట్ల నిటారుగ నిలబడి అడిగితే ఎట్ల? కండువ పట్టి అడుగు."

నా నడుము తొందరగా వంగలేదు. ఆమె తొందరపెట్టలేదు. కండువా రెండు చేతులతో చాపి మళ్లీ అడిగాను. వెలిసిపోయిన పసుపుపచ్చ చొక్కా ఒకటి అందులో వేసింది. దానికి ఒక గుండీ లేదు.

"ఆరుగురు తొడిగిన్రు. ఆరుగురు తిరుగుతున్నరు. పో," అంది.

బిడ్డ నెల ముందే పుట్టింది. ఆడపిల్ల. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో పదిహేను రోజులు గాజుపెట్టెలో పెట్టారు. ఇంటికి వచ్చినప్పుడల్లా నడిమింటి తలుపు తీసి, ఊపిరి బిగబట్టి నిలబడి, మెల్లగా పీల్చి చూసేవాణ్ని. సున్నం వాసన తప్ప ఏమీ రాలేదు. పదహారో రోజు బిడ్డకు ఆ పసుపు చొక్కా తొడిగి తల్లి చేతికి ఇచ్చారు. అది మోకాళ్ల కిందికి వేలాడింది.

దవాఖాన బిల్లు కట్టడానికి గడి ముందరి టేకు దర్వాజను, చౌకట్టు చట్రంతో సహా, హైదరాబాదు నుంచి వచ్చిన పాత సామాను వ్యాపారికి అమ్మాను.